చీనీ (బత్తాయి), నన్నారి, చింతపండుతో కాక్‌టెయిల్స్: అనంతపురంలో మా బార్ అన్నతో కలిసి ట్రై చేస్తాండాం, సలహాలు కావాల

చీనీతోట_అనంత:

అందరికీ నమస్తే. మాది అనంతపురం. మా కాలనీ చివర ఒక చిన్న బార్ ఉండాది, లోపల ఏసీ రూము ఒకటి, బయట రేకుల షెడ్డు, అంతే. ఆడ కౌంటర్లో ఉండే అన్న ముందు బెంగళూరులో పబ్బుల్లో పని చేసినాడు, ఇంట్లో అమ్మకి బాగలేదని ఊరికి తిరిగొచ్చేసినాడు. గ్లాసులో ఐస్ వేసి స్పూన్ తిప్పే తీరు చూస్తానే తెలుస్తాది పని నేర్చుకున్న మనిషని, కానీ ఈడ పొద్దున్నుంచి రాత్రి దాకా ఆయనకి వచ్చే ఆర్డర్లు నైంటీ, క్వార్టర్, వాటర్ ప్యాకెట్, సోడా, ఒక ప్లేట్ బుడ్డలు (వేరుశనగ). కాక్‌టెయిల్ అని అడిగేటోళ్లే లేరు. అంత పని తెలిసిన మనిషి రోజంతా మూతలు తీసి పోసేదానికే సరిపోతాంటే నాకు మనసుకి కష్టంగా ఉంటాది.

అందుకే ఈ మధ్య మధ్యాహ్నం మూడు, నాలుగు అప్పుడు జనం లేనప్పుడు పోయి ఆయనతో కూర్చుని ఏదో ఒకటి కలిపిస్తాండా. ఓనరు కూడా సరే అన్నాడు, పెగ్గు లెక్క పెగ్గుకి రావాల, బిల్లు కరెక్టుగా ఉండాల, కొత్త బాటిళ్లు కొనమని మాత్రం అడగొద్దు అన్నాడు. కాబట్టి మా దగ్గర ఉండేది రమ్ము, బ్రాందీ, విస్కీ, వోడ్కా, ఒక జిన్ను. కాక్‌టెయిల్స్‌లో కలిపే లిక్యూర్లు (తియ్యటి మందు), వెర్మూత్ (మూలికల వైను), బిట్టర్స్ (చుక్కలుగా వేసే చేదు మందు) అవేం లేవు. కానీ మన ఊర్లో వేరేవి ఉన్నాయి గదా, మార్కెట్ యార్డుకి పోతే చీనీకాయలు కుప్పలు కుప్పలు, దానిమ్మ, నిమ్మ, జామ, పుదీనా, అల్లం, షర్బత్ బండ్లలో నన్నారి, అదే సుగంధి వేర్ల పాకం. అన్న ఆశ కూడా అదే, బయటి సీసాలు తెప్పించకుండా ఇక్కడ దొరికేదాంతోనే నాలుగైదు డ్రింకులు తయారు చేసి చిన్న మెనూ కార్డు రాయించాలని.

రమ్ము 60 మి.లీ., నన్నారి, నిమ్మరసం, పైన సోడా, ఇది మాత్రం చాలా బాగొచ్చింది, ఓనరు కూడా తాగి ఇంకోటి అడిగినాడు. వోడ్కాలో చీనీ జ్యూస్ పోస్తే మాత్రం చప్పగా ఉంటాది, చక్కెర వేస్తే తీపి పెరుగుతాది గానీ రుచి రాదు, పైగా జగ్గులో తీసిపెట్టిన జ్యూస్ కాసేపటికి చేదు ఎక్కుతాంది. చీనీ లేకుండా అనంతపురం మెనూ ఏందని అన్నకి పట్టుదల. ఇంకోటి బ్రాందీ. మా బార్లో ఎక్కువ పోయేది అదే, కానీ దాంట్లో ఏం కలపాలో తోచలేదు. ఐస్ ఒక పెద్ద తలనొప్పి, ఎండాకాలం గ్లాసు టేబుల్ మీదికి పోయేలోపే నీళ్లు. తాగని ఫ్రెండ్స్ కూడా వస్తాంటారు, వాళ్లకి కూల్ డ్రింకు కాకుండా మంచిది ఏమన్నా ఉంటే అదీ చెప్పండి.

బార్‌వెనక_కడప:

అన్నా చదువుతాంటే ప్రాణం లేచొచ్చింది. నాది కడప, నేను కూడా హోటల్ బార్లలో చేసినోణ్ణే, ఇప్పుడు వేరే పని. మీ అన్నకి లెక్కలన్నీ తెలిసే ఉంటాయి, కానీ పబ్బుల్లో చీనీ పెద్దగా వాడరు కాబట్టి అది ఒక్కటి కొత్తగా అనిపించి ఉంటాది.

చీనీతో వచ్చే చిక్కు పులుపు లేకపోవడం. నిమ్మరసంలో ఆమ్లం దాదాపు 5, 6 శాతం ఉంటాది, చీనీలో ఒక శాతం కూడా ఉండదు. అందుకే నిమ్మ వేసే చోట చీనీ వేస్తే డ్రింకు నిలబడదు, మీరు ఎంత చక్కెర వేసినా ఇంకా చప్పబడతాదే గానీ లేవదు. చీనీని పులుపు లెక్కలో కాకుండా తీపి, వాసన లెక్కలో పెట్టుకోండి. వోడ్కా లేదా జిన్ను 60, చీనీ జ్యూస్ 60, నిమ్మరసం 20, చక్కెర పాకం 10, చిటికెడు ఉప్పు. ఆ ఉప్పు మర్చిపోవద్దు, చీనీ రుచి పైకి లేపేది అదే. జిన్నుతో అయితే ఇంకా బాగుంటాది, ఒక రెబ్బ పుదీనా చేతిలో చరిచి పైన పెట్టండి.

చేదు సంగతి. చీనీ కాయలో ఉన్నప్పుడు చేదు ఉండదు, పిండినాక దాంట్లో ఉండే ఒక పదార్థం పులుపు తగిలి మెల్లగా లిమోనిన్‌గా మారతాది, ఆ లిమోనిన్ చేదు. అది సహజం, కాయ తప్పు కాదు, జ్యూసర్ తప్పూ కాదు. కాబట్టి జగ్గులో తీసిపెట్టుకునే పని వద్దు, ఆర్డర్ వచ్చినప్పుడే కాయ కోసి పిండాల, గింజలు నలగకూడదు, లోపలి తెల్ల పొర గీరుకోకూడదు. టైం పడతాది, కానీ కస్టమర్ ముందర కాయ కోసి పిండితే ఆ వాసనకే పక్క టేబుల్ వాళ్లు తలెత్తి చూస్తారు.

ఇప్పుడు మీ బ్రాందీ. చీనీలో అసలు సరుకు తొక్కలో ఉండాది అన్నా, మనం దాన్నే పారేస్తాండాం. కాయల్ని ఉప్పునీళ్లలో బాగా రుద్ది కడగండి, తోటల్లో మందు కొడతారు కాబట్టి ఇది ముఖ్యం. పీలర్‌తో పైతొక్క పల్చగా తీయండి, తెల్లది రాకుండా. ఏడెనిమిది కాయల తొక్కకి 200 గ్రాముల చక్కెర వేసి చేత్తో బాగా నలిపి స్టీలు డబ్బాలో మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి చక్కెర తడిసిపోయి నూనె వాసన గుప్పుమంటాది. దాంట్లో 150 మి.లీ. వేడినీళ్లు పోసి కరిగించి వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. సైడ్‌కార్ అని ఒక పాత డ్రింకు, మీ అన్నకి తెలుసు, బ్రాందీ, ఆరెంజ్ లిక్యూర్, నిమ్మరసం. మీ దగ్గర ఆ లిక్యూర్ లేదు కదా, దాని చోట్లో ఈ తొక్క పాకం. బ్రాందీ 60, నిమ్మరసం 20, తొక్క పాకం 20, ఐస్ వేసి షేకర్లో గట్టిగా పది పదిహేను సెకన్లు, స్టీలు పట్టుకోలేనంత చల్లబడేదాకా. అనంతపురం మెనూలో మొదటి పేరు ఇదే ఉండాలని నా మాట.

ఇంకొకటి, ఈ పుల్లటి డ్రింకులన్నిటికీ కొలత దాదాపు ఒకటే, మందు మూడు వంతులు, పులుపు ఒక వంతు, తీపి ఒక వంతు. క్యూబాలో పుట్టిన డైకిరి చూసినా అంతే, రమ్ము, నిమ్మ, చక్కెర. మందు పోసే పెగ్ మెజర్‌తోనే నిమ్మరసం కూడా కొలవండి. మన దగ్గర మందు మాత్రం చుక్క తేడా రాకుండా కొలిచి, నిమ్మకాయ మాత్రం కంటి లెక్కన పిండేస్తారు, రుచి రోజుకో తీరుగా వచ్చేది అక్కడే. ఒక్కో కాయలో రసం వేరు, పులుపు వేరు. కలిపినాక స్ట్రా ముంచి పైన వేలు మూసి రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని చూసి అప్పుడే గ్లాసులోకి పోయాల. సోడా మాత్రం ఎప్పుడూ షేకర్లో పోయొద్దు, గ్యాస్‌కి మూత ఎగిరిపోతాది.

హిందూపురం_వాసి:

బాగుంది గానీ ఒక మాట చెప్పాలనిపించింది. నీళ్లు కలుపుకుని తాగేటోడికి తను ఎంత తాగినాడో నాలుకకి తెలుస్తాది. ఇట్లా నన్నారి, నిమ్మ, తొక్క పాకం అని కలిపితే మందు ఘాటు తెలీదు, జ్యూస్ తాగినట్టు ఒకదాని మీద ఒకటి పోతాంటాయి. మన దగ్గర మందు సాధారణంగా 42.8 శాతం. 30 మి.లీ.లో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటాది, అంటే 60 మి.లీ. పోసే మీ ప్రతి గ్లాసులో 20 గ్రాములు. ఎంత తీయగా ఉన్నా లోపల ఉండేది రెండు స్మాల్సే, అంటే 30 మి.లీ. పెగ్గులు రెండు. అందుకే మెనూ కార్డు మీద ప్రతి డ్రింకు పక్కన ఎన్ని పెగ్గులో రాయండి, మీ అన్నకి కూడా మంచిది, కస్టమర్‌కి కూడా మంచిది. ఇట్లాంటిది ఒక్కటి తాగినోడు కూడా బండి ముట్టుకోకూడదు. రక్తంలో 100 మి.లీ.కి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే 10,000 ఫైను, జైలు కూడా పడొచ్చు. మీ బార్ కాలనీలోనే ఉంది కాబట్టి నడిచి పోయేటోళ్లు ఎక్కువ ఉంటారు, అది బాగుంది.

వంటిల్లు_కర్నూలు:

తమ్ముడూ, నేను తాగను, కానీ నన్నారి అని చూసి ఆగినా. మా అమ్మ వాళ్ల ఇంట్లో ప్రతి ఎండాకాలం నన్నారి కాస్తాము. మీరు షర్బత్ బండి దగ్గర నుంచి తెచ్చే పాకం చూసి కొనండి, చాలా చోట్ల అది ఎసెన్సు, రంగు, చక్కెర అంతే, వేరు వాసనే ఉండదు. అసలు నన్నారికి మట్టి వాసన, కొంచెం వెనీలా లాంటి వాసన కలిసి ఉంటాది, తాగినాక గొంతులో చల్లగా నిలుస్తాది.

ఇంట్లో చేసుకోవడం కష్టమేం కాదు. మూలికల అంగట్లో సుగంధి వేర్లు అని అడగండి, నన్నారి వేర్లు అన్నా ఇస్తారు. 100 గ్రాములు తీసుకుని మట్టి పోయేదాకా కడిగి, రోట్లో పైపైన దంచితే పైబెరడు విడిపోతాది, లోపల ఉండే కట్టెలాంటి నరం తీసి పారేయండి, వాసనంతా బెరడులోనే. ఒక లీటరు నీళ్లు మరగబెట్టి ఆ బెరడు వేసి మూత పెట్టి రాత్రంతా నానబెట్టండి. పొద్దున పల్చటి గుడ్డలో వడగట్టి, కిలో చక్కెర వేసి సన్న మంట మీద చక్కెర కరిగి కొంచెం జిగురు పట్టేదాకా ఉంచి దించేయండి. ఎక్కువసేపు ఉడికిస్తే వాసన పోతాది. చివర్లో ఒక నిమ్మకాయ పిండితే పాకం గడ్డ కట్టదు. ఇంట్లో చేసింది గోధుమ రంగులో ఉంటాది, బండి మీద ఉండేటట్టు ఎర్రగా మెరవదు, కస్టమర్లకి ముందే చెప్పండి.

తాగనోళ్లకి ఏమిద్దామని అడిగినావు కదా. దానిమ్మ పెట్టు. అనంతపురం వైపు దానిమ్మ తోటలకి తక్కువా. దానిమ్మ రసం ఒక గ్లాసు, చక్కెర ఒక గ్లాసు, మరగనీకుండా గోరువెచ్చగా చేసి కరిగిస్తే మంచి పాకం అవుతాది. అది 30, నిమ్మరసం 20, నాలుగు పుదీనా ఆకులు, చిటికెడు నల్ల ఉప్పు, నిండుగా చల్లటి సోడా. మీ బార్లలో గ్రెనడిన్ అని ఎర్ర పాకం వాడతారంట కదా, మా తమ్ముడు చెప్పినాడు అది కూడా అసలు దానిమ్మతో చేసేదేనంట. తాగనోళ్లకి కూడా అదే గ్లాసులో, అదే మర్యాదతో ఇవ్వండి. బార్‌కి పోయిన ఆడవాళ్లకి, తాగని మగవాళ్లకి ఏదో ప్లాస్టిక్ కప్పులో కూల్ డ్రింకు పోసి పెడితే చాలా చిన్నతనంగా ఉంటాది.

సోడాబండి_ప్రొద్దుటూరు:

ఐస్ గురించి నేను చెప్తా, మాది సోడా వ్యాపారమే. మొదట ఒకటి, ఐస్ ఫ్యాక్టరీ దిమ్మలు అన్నీ తినేదానికి చేసినవి కావు, చేపలకి, పాలక్యాన్లకి పోయే దిమ్మ గ్లాసులో వేయకూడదు. మీ ఫ్రీజర్లోనే ఆర్వో నీళ్లతో కట్టుకోండి. ఆ చిన్న చిన్న ట్రేలు వద్దు, చిన్న ముక్క తొందరగా కరుగుతాది. స్టీలు టిఫిన్ బాక్సుల్లో నీళ్లు పోసి గడ్డ కట్టించి, బయటికి తీసి రెండు నిమిషాలు అట్లే వదిలి, కత్తి వీపుతో కొడితే పెద్ద పెద్ద ముక్కలుగా విడిపోతాది. గ్లాసుకి రెండు పెద్ద ముక్కలు చాలు. షేక్ చేసిన ఐస్ పారేసి గ్లాసులో కొత్త ఐస్ వేయాల, కరిగిన ఐస్ మీద పోస్తే నీళ్లే. గ్లాసులు కూడా ఫ్రీజర్లో పెట్టండి, మే నెల్లో అనంతపురంలో 40 దాటినప్పుడు అల్మారాలో ఉండే గ్లాసు వేడిగా ఉంటాది, సగం ఐస్ దాన్ని చల్లార్చడానికే పోతాది.

సోడా కూడా బాగా చల్లగా ఉండాల. చల్లటి నీళ్లలోనే గ్యాస్ నిలుస్తాది, వేడి సోడా మూత తీస్తానే సగం గ్యాస్ పోతాది. గ్లాసు వంచి అంచు మీదుగా మెల్లగా పోయమని చెప్పండి, పోసినాక స్పూన్‌తో ఒక్కసారి కింద నుంచి పైకి లేపితే చాలు, గిరగిరా తిప్పొద్దు. నన్నారి, రమ్ము అన్నారు కదా, దానికి గోలీసోడా వాడి చూడండి.

చీనీతోట_అనంత:

అందరికీ చాలా థ్యాంక్స్. తొక్క పాకం చేసినాం. రాత్రి నానబెట్టి పొద్దున డబ్బా మూత తీస్తే కౌంటరంతా చీనీ తోట వాసన. అన్న బ్రాందీతో కలిపి ముందు నాకు ఇచ్చినాడు, మొదట చల్లగా నిమ్మ తగిలింది, తర్వాత తొక్క వాసన, చివరగా బ్రాందీ మెల్లగా వెచ్చగా దిగింది. రోజూ నైంటీ బ్రాందీ నీళ్లతో తాగే ఒక పెద్దాయన ఉన్నాడు మా బార్లో, ఆయనకి అన్న చిన్న గ్లాసులో రుచికి పోసిచ్చినాడు, ఆయన తాగి ఏం మాట్లాడకుండా గ్లాసు మళ్లీ ముందుకి జరిపినాడు. అన్న మొహంలో ఆ సంతోషం చూడాల మీరు.

అక్కా, నన్నారి వేర్లు పాతూరులో దొరికినాయి, ఈ వారం కాస్తాం. పెగ్గుల లెక్క కార్డు మీద రాయమన్న హిందూపురం అన్న మాట కూడా ఓనరుకి నచ్చింది. తాగనోళ్ల దానిమ్మ డ్రింకుని కార్డులో కింద మూలన కాకుండా మధ్యలో పెడతాండాం.

ఇంకొక్కటి అడగాల. చింతపండు, బెల్లంతో ఒకటి చేద్దామని, దాంట్లో శొంఠి, మిరియాలు కూడా. అన్న దాన్ని పానకం అని పిలుద్దామంటాండాడు. కొలతలు చెప్పండి. ఇంకా రమ్ములో నన్నారి వేర్లు వేసి నాలుగు రోజులు నానబెట్టి ఉంచితే ఎట్ల ఉంటాదని కూడా ఆలోచిస్తాండాం.

బార్‌వెనక_కడప:

ఆ పెద్దాయన గ్లాసు ముందుకి జరిపినాడంటే మీ మెనూ పాసైనట్టే.

పానకం పేరు మాత్రం వద్దన్నా. శ్రీరామనవమికి గుళ్లో చేతిలో పోసేది, దాని పేరు మందు గ్లాసుకి పెడితే కొందరికి బాధ కలుగుతాది, కాలనీలో బార్ నడుపుకునేటోళ్లకి అది అవసరం లేదు. చింతపండు డ్రింకు అని రాసినా చాలు, నోట్లో నీళ్లూరతాయి.

కొలత ఇది. నిమ్మకాయంత చింతపండు 150 మి.లీ. వేడినీళ్లలో నానబెట్టి పిసికి గుడ్డలో వడగట్టండి. బెల్లం, నీళ్లు సమానంగా కరిగించి అదీ వడగట్టండి, బెల్లంలో ఇసుక ఉంటాది, పళ్ల కింద తగిలితే డ్రింకు అంతా పోయినట్టే. రమ్ము 60, చింతపండు రసం 30, బెల్లం పాకం 20, నిమ్మరసం 10. చింతపండు పులుపు బరువుగా కింద కూర్చుంటాది, ఆ పది మి.లీ. నిమ్మ దాన్ని పైకి లేపుతాది. శొంఠి చాలా తక్కువ, గోటి మీద నిలిచేంత. మిరియాలు లోపల వద్దు, ఐస్ తగిలితే పొడి ఒక చోట చేరిపోతాది, గ్లాసు అంచుకి పెట్టండి. మూడొంతులు ఉప్పు, ఒక వంతు మిరియాల పొడి, లేదంటే మన ఎర్రకారం. అంచుకి సగం వైపే పూయండి, కారం వద్దనుకున్నోళ్లు రెండో వైపు నుంచి తాగుతారు. ఇదే ఉప్పూకారం జామకాయ జ్యూస్, వోడ్కాకి కూడా చాలా బాగా పనికొస్తాది, జామకాయ మీద ఉప్పుకారం చల్లుకుని తినని మనిషి మన సీమలో ఎవరున్నారు.

వేర్లు రమ్ములో నానబెట్టే ఆలోచన మానుకోండి. రుచి బాగానే వస్తాది, బెంగళూరులో ఆ పనులు చేసి ఉంటాడు మీ అన్న, కానీ లైసెన్సు బార్లో సీసా మూత తీసి లోపల ఏదన్నా వేసి ఉంచితే, ఎక్సైజ్ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు అది కల్తీ అంటారు. మంచి ఉద్దేశంతో చేసినామని చెప్పినా వినరు, ఓనరు లైసెన్సు మీదికి వస్తాది, ముందు పోయేది మీ అన్న ఉద్యోగం. సీసాలో కంపెనీ పోసింది కంపెనీ పోసినట్టే ఉండాల, మీరు కలిపేదంతా కస్టమర్ ముందర గ్లాసులోనో షేకర్లోనో కలపండి. నన్నారి వాసన ఇంకా కావాలంటే పాకమే చిక్కగా కాయండి, అక్క చెప్పిన 100 గ్రాముల వేర్లని 150 చేయండి, నీళ్లు, చక్కెర అంతే ఉంచండి.

చింతపండు కొత్తది తీసుకోండి, నల్లబడిన పాతది వద్దు. హిందూపురం నుంచి ఎవరన్నా వస్తాంటే చెప్పి తెప్పించుకోండి, చింతపండు మార్కెట్టుకి పేరే ఆ ఊరిది.

హిందూపురం_వాసి:

చింతపండు నేను పంపిస్తా. వచ్చే వారం అనంతపురం పని మీద వస్తాండా, గింజ తీసింది కావాలా, గింజతోనా?

చీనీతోట_అనంత:

గింజ తీసిందే అన్నా, రెండు కిలోలు. డబ్బులు ఆడనే ఇచ్చేస్తా. మధ్యాహ్నం నాలుగుకి రా, అన్న ఖాళీగా ఉంటాడు.